సంచి మీద అక్క మొహం

మా బైండింగ్ షాపుకీ అతని ఫోటో స్టూడియోకీ మధ్య ఒకటే గోడ, అదీ పల్చటిది. అవతల "గడ్డం కొంచెం పైకి, కదలకండి" అని వినబడితే ఇవతల జిగురు రాస్తూ నేనూ గడ్డం ఎత్తేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోలూ పెళ్ళి ఫోటోలూ తీసి సంసారం ఈదుకొచ్చిన మనిషి అతను. ఆ పని శ్రద్ధగానే చేసేవాడు గానీ ప్రాణమంతా కూరగాయల మార్కెట్‌లో ఉండేది. మంగళవారం స్టూడియోకి సెలవు. ఆ రోజు తెల్లవారగానే కెమెరా మెడలో వేసుకుని వెళ్ళిపోయేవాడు. బస్తాలు మోసే భుజాలు, బేరం దగ్గర ముడిపడే నొసళ్ళు, తడి గోనెల మీద కునుకు తీసే మనుషులు – పదకొండేళ్ళు తీశాడు. ఎప్పుడు చూసినా ఒక కన్ను మూసుకునే ఉంటాడని అక్కడివాళ్ళు "ఒంటికన్ను" అని పేరు పెట్టారు. పేరు పెట్టారంటే తమలో కలుపుకున్నట్టేనని అతను మురిసిపోయేవాడు.

అక్కడ అందరికంటే చనువు ఉల్లిపాయలమ్మే ఆవిడతో. అతనికంటే ఆరేడేళ్ళు పెద్ద. అతను "అక్కా" అంటే ఆవిడ "తమ్ముడూ" అనేది. చినుకు పడితే కెమెరా తడవకుండా తన పట్టా కింద చోటిచ్చేది. "అందరి మొహాలూ పట్టుకుపోతావు, నీ మొహం ఎవరు తీస్తార్రా?" అని ఆటపట్టించేది.

ఒక మంగళవారం అతను వెళ్ళేసరికి ఆవిడ రాశి వెనక కూర్చుని ఉల్లిపాయల మీది ఎండుపొట్టు ఊడదీస్తోంది. చేతులు పని చేస్తున్నాయి, చూపు ఎక్కడో ఉంది. రేకుల సందులోంచి వెలుతురు ఒక పక్కగా పడుతోంది. రెండు చెంపల మీదా నీళ్ళు జారి గడ్డం దగ్గర నిలిచాయి. ఆవిడ తుడుచుకోవడం లేదు. అతను కెమెరా ఎత్తి నొక్కేశాడు. ఆ చప్పుడుకి ఆవిడ తలెత్తింది.

"మా అమ్మ నిన్న పోయింది, తమ్ముడూ."

"అయ్యో. మరి ఇవాళ ఎందుకొచ్చావక్కా?"

"మొన్ననే సరుకు దిగింది. ముసురు పట్టిందంటే రెండ్రోజుల్లో కుళ్ళి ఊరుకుంటుంది. ఇంట్లో కూర్చున్నా ఇదే ఏడుపు కదా." కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "ఇప్పుడు తీశావా?"

"తీశాను."

"చెరిపెయ్యి. ఈ మొహం ఎవరూ చూడకూడదు."

అతను కెమెరా తెర వైపు చూసుకున్నాడు. పదకొండేళ్ళలో అంత మంచి ఫోటో అతనికి పడలేదు. చెరిపే మీట మీదికి వేలు పోయింది, అక్కడే ఆగింది. ఆ పక్కనున్న మీట నొక్కి కెమెరానే ఆపేశాడు. నల్లబడ్డ తెర ఆవిడకి చూపించి "పోయిందక్కా" అన్నాడు.

"మంచివాడివి" అంది ఆవిడ.

ఈ మాట నాకు చెప్పేటప్పుడు అతను నా మొహం చూడలేక అట్టలు కత్తిరించే కత్తి వైపు చూస్తూ చెప్పాడు.

మొదట్లో ఎవరికీ చూపించే ఉద్దేశం లేదట. నాలుగు నెలలు కంప్యూటర్‌లో దాచుకుని, గిరాకీ లేనప్పుడు ఒక్కడూ తెరిచి చూసుకునేవాడు. అంతలో మార్కెట్ వ్యాపారుల సంఘానికి పాతికేళ్ళు నిండాయని ఫోటోల పోటీ పెట్టారు. పది పంపమన్నారు. తొమ్మిది ఏరాడు. పదోది ఏదన్నది అతనికి ముందే తెలుసు, తెలియనట్టు రెండ్రోజులు వెతికి చివరికి అదే పెట్టాడు. మొదటి బహుమతి దానికే వచ్చింది.

సంఘం కార్యదర్శి తక్కెళ్ళ వ్యాపారి, నలుగురినీ నవ్వించే మనిషి. "ఏమండీ, ఉల్లిపాయ ఘాటుకేనా ఈవిడ ఏడుపు?" అని అడిగాడు. కోయని ఉల్లిపాయ ఎవరినీ ఏడిపించదు. ఆ సంగతి కార్యదర్శికి తట్టలేదు. అతనికి తట్టింది, అయినా తల ఊపాడు. కార్యదర్శి తొడ చరుచుకుని, "అయితే కింద రాయాల్సింది దొరికింది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదు. ఎలా ఉంది?" అన్నాడు.

అతను "బాగుందండీ" అన్నాడు.

ప్లాస్టిక్ మాన్పించాలని సంఘంవాళ్ళు గుడ్డ సంచులు కుట్టించి ఇంటింటికీ పంచారు. ప్రతి సంచి మీదా ఆవిడ మొహం, కింద లావుపాటి అక్షరాల్లో ఆ సామెత. మార్కెట్ గేటు మీదా అదే బొమ్మ, రెండు నిలువుల ఎత్తున. ఆవిడ వెనక గేటు నుంచి వచ్చి వెనక గేటు నుంచే వెళ్ళే మనిషి కాబట్టి మొదటి రోజు చూడలేదు.

రెండో రోజు అతను అక్కడే ఉన్నాడు. ముందే చెప్పుకుందామని వచ్చాడో, ఆవిడకి తెలిసిందో లేదో కనిపెడదామని వచ్చాడో అతనికే తెలియదు. ఒకాయన సంచి విప్పి ఆవిడ ముందు పట్టుకుని, "ఏమ్మా, ఇది నువ్వే కదూ? ఏడవకుండా రెండు కిలోలు తూచు" అన్నాడు. పక్కన పచ్చిమిరపకాయల ఆవిడ పకపకా నవ్వింది. ఉల్లిపాయల అక్క సంచి అంచు పట్టుకుని కాసేపు చూసింది. చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుంటూ చదివింది. రెండు కిలోలు తూచి, మొగ్గు చూసి మరొక్కటి వేసి, ఆ సంచిలోనే పోసి పంపింది. అప్పుడు తలెత్తితే స్తంభం పక్కన అతను కనబడ్డాడు.

"పోయిందన్నావు కదా" అంది.

అతను స్తంభం పక్కనుంచి ఒక అడుగు ముందుకి వేశాడు.

"అమ్మ పోయిందని నీకు ఒక్కడికే చెప్పాను ఆ రోజు." తక్కెడ సర్దుకుంటూ అంది. "సరే, వెళ్ళండి. బేరాలు వచ్చే వేళ."

తమ్ముడన్న పిలుపు పోయి మీరు వచ్చింది. నాలుగు తిట్టినా బాగుండేదని అతను తరవాత నాతో అన్నాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ స్టూడియో కౌంటర్‌లోనే కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తుంది. కత్తెర ఎంత పదునో మాటా అంతే.

"చెరిపేశానని ఎందుకు చెప్పారు?"

"ఫోటో బాగుంది."

"ఫోటో బాగుందా, ఆవిడ ఏడుపు బాగుందా?"

అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ వారం గోడకి అవతల గడ్డం ఎత్తమన్న మాట నాకు వినబడలేదు. గిరాకీ వస్తే ఉత్తినే నొక్కి పంపేస్తున్నాడు. ఇద్దరు ముగ్గురు గడ్డాలు దించుకున్న ఫోటోలు తిరిగి పట్టుకొచ్చారు కూడా.

తరవాత కార్యదర్శి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. కార్యదర్శి నవ్వు మొహం పాలిపోయింది. "అడిగినప్పుడు తల ఊపారు కదండీ" అన్నాడు. గేటు మీది బొమ్మ నిచ్చెన వేసుకుని అతనే విప్పాడు. పంచకుండా మిగిలిన మూడు కట్టల సంచులు రిక్షాలో వేసుకొచ్చి నా షాపు వెనక పడేశాడు. అట్టల లోపలి అతుకులకి వాడుకోమన్నాడు, మొహం లోపలికి పోయేలా. ఊళ్ళోకి వెళ్ళిపోయినవాటిని ఎవరు వెనక్కి తెస్తారు? ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు సంచి స్టూలు మీద పెట్టి జుట్టు దువ్వుకునేవాళ్ళు. లైటు వెలిగేదాకా సంచి మీది అక్క మొహం అతనికి ఎదురుగా ఉండేది. సంచిని బోర్లా తిప్పి పెడదామన్నా ఆ పక్కా అదే బొమ్మ.

నెల తిరక్కుండా మళ్ళీ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు, కెమెరా లేకుండా. "తప్పు చేశానక్కా" అన్నాడు. ఆవిడ పొట్టు ఊదుకుంటూ విన్నది.

"మా అమ్మది ఒక్క ఫోటో కూడా లేదు మాకు" అంది చివరికి. "మోకాళ్ళు పట్టేసేదాకా ఇక్కడే, నా పక్కనే కూర్చుని వెల్లుల్లి అమ్మింది. అప్పుడూ తిరిగేవాళ్ళు కదా మీరు. ఏదైనా ఉంటే ఇవ్వండి."

అతనికి ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్ళలో ఏడేళ్ళు ఆ ముసలామె అక్కడే ఉంది. ఏదో ఒక ఫోటోలో లేకుండా ఎక్కడికి పోతుందనుకున్నాడు. మధ్యాహ్నాలు స్టూడియో తలుపు దగ్గరగా వేసి వెతకడం మొదలుపెట్టాడు. నలభై వేల పైచిలుకు ఫోటోలు. గొడుగులు బాగుచేసేవాడు ఉన్నాడు, అరటి గెలలు ఉన్నాయి, కుక్క మీద నిద్రపోయే పిల్లి ఉంది. ఉల్లిపాయల అక్క నవ్వులే రెండు వందలు. ముసలామె లేదు. వెతగ్గా వెతగ్గా అతనికి ఒకటి గుర్తొచ్చింది. వెనక గొడుగులవాడు ఫోటోలో చక్కగా పడాలని ప్రతిసారీ తానే, "పెద్దమ్మా, కాస్త పక్కకి జరుగు" అనేవాడు. ఆమె వెల్లుల్లి బుట్టతో సహా జరిగేది. ఏడేళ్ళు జరిగింది.

మూడు వారాలకి ఒక్కటి దొరికింది. ఫోటో అంచున ఒక చెయ్యి, తక్కెడ పట్టుకుని ఉంది. దాని పైన మసకగా భుజం, కొంచెం తెల్లజుట్టు. అంతే. ఆ చేతిని వీలైనంత పెద్దది చేసి, మంచి కాగితం మీద అచ్చు తీసి, నా చేత అట్ట కట్టించుకుని తీసుకెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. చూడగానే చిటికెనవేలి మీద బొటనవేలు పెట్టింది.

"తలుపు సందులో పడి వంకర తిరిగింది ఇది. నా చిన్నప్పుడు. తలుపు వేసింది నేనే" అంది. ఎవరితో అందో తెలియదు. చాలాసేపు చూసి, కాగితం వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పింది.

"మొహం?"

"లేదక్కా."

"అన్ని ఫోటోలు తీశారు కదా."

"పక్కకి జరగమన్నాను" అన్నాడతను. చెప్పకపోయినా ఆవిడకి తెలిసేది కాదు. నేను మోచేత్తో పొడిచాను కూడా. అయినా మొత్తం చెప్పేశాడు, గొడుగులవాడి సంగతి, వెల్లుల్లి బుట్ట సంగతి. ఆవిడ ఫోటోని గల్లాపెట్టె అడుగున, పాత గుడ్డలో చుట్టి పెట్టుకుంది. పరవాలేదని అనలేదు. వెనక ఇంకో బేరం నిలబడి ఉంటే అటు తిరిగింది.

ఇది జరిగి మూడేళ్ళు. అతను మార్కెట్‌కి వెళ్ళడం మానలేదు, ఆవిడ వరస వైపు మాత్రం పోడు. ఇప్పుడు ముందు అడుగుతాడు. అడిగితే మనుషులు బిగుసుకుపోతారు, జుట్టు సవరించుకుంటారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకుంటారు. వద్దన్నవాళ్ళ దగ్గర కెమెరా దించేస్తాడు. ఫోటోలు పాడైపోయాయని, మునుపటి జీవం లేదని తెలిసినవాళ్ళు అంటూనే ఉన్నారు. నిజమేనని అతనూ ఒప్పుకుంటాడు. పోటీలకి పంపడం మానేశాడు.

వాళ్ళింటికి కావలసిన ఉల్లిపాయలు మా ఇంటివాటితో పాటు నేనే తెస్తాను. కౌంటర్ మీద పెడితే అతను కెమెరా తుడుస్తూ, తలెత్తకుండా అడుగుతాడు, "ఆవిడ బాగుందా?"

"బాగుంది" అంటాను.

తన గురించి ఏమైనా అడిగిందా అని మాత్రం ఇంతవరకు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తోచదు, ఎందుకంటే ఆవిడ ఏనాడూ అడగలేదు.