నా విజిల్ విన్న తొమ్మిది పావురాలు

ఒక రెండో శనివారం పొద్దున నేను విజిల్ ఊదాను. దాని దెబ్బకి ఇరవై ఆరుమంది పెద్దమనుషులు వరసపెట్టి అబద్ధమాడారు, మా పక్కింటాయన నాతో మాటలు మానేశాడు, నేనెంతో ఆశపడ్డ పని ఒకటి చేతిదాకా వచ్చి జారిపోయినంత పనయింది. ఇదంతా జరగడానికి పట్టింది ఇరవై నిమిషాలే. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నాకు నవ్వు రావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

నా పేరు ఎస్తేర్. బహదూర్‌పురా దగ్గర ఒక బడిలో పీటీ టీచర్‌ని. మా బడిలో స్కౌటింగ్ పిల్లల దళాన్ని కూడా నేనే నడిపిస్తాను. నా గొంతు గురించి మీకు చెప్పాలి. నేను మైదానంలో నిలబడి "సావధాన్" అంటే బయట రోడ్డు మీద ఆటోలు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాయని మా ఆయన విక్టర్ అంటాడు. కట్టుకున్నవాడు కాబట్టి కాస్త తగ్గించే చెప్పాడనుకోండి.

అప్పట్లో మా పాతబస్తీ వైపు పెద్దవాళ్లకి స్కౌటింగ్ శిక్షణ ఇచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. దళాన్ని నడుపుతామని ముందుకొచ్చిన టీచర్లు, ఉద్యోగస్తులు, ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లు, అందరూ రెండు బస్సులు మారి ఊరి అవతలి కొసకి పోయి నేర్చుకోవాలి. సగంమంది మధ్యలోనే మానేసేవారు. లీడర్ లేకపోతే దళం మూతపడుతుంది, పిల్లలు క్యాంపులకి పోలేరు. నా కళ్ల ముందే మూడు దళాలు అలా మూతపడ్డాయి. అందుకే ఆన్‌లైన్ క్లాసులు మొదలవగానే నేను శిక్షకురాలినవుతానని పేరిచ్చాను. రెండు గంటల క్లాసు ఒకటి చెప్పాలి, పైనుంచి వచ్చిన పరిశీలకురాలు చూసి పాస్ చెయ్యాలి. అంతే.

పరిశీలకురాలు సుభద్ర మేడం. సొంతూరు భీమవరం, ఉద్యోగరీత్యా వచ్చి ఈ నగరంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నారు. ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. ఆవిడ మెత్తగా "సరేనండీ" అంటే చాలు, అవతలి మనిషికి చెమటలు పడతాయి. నా మొదటి క్లాసు చూశాక కూడా అలాగే అన్నారు.

"సరేనండీ ఎస్తేర్ గారూ. విషయం మీకు బాగా తెలుసు. కానీ మీరు పాఠం చెప్పలేదు, గదమాయించారు. ఇంకొక్క అవకాశం ఇస్తాం. అదే ఆఖరిది."

ఆ ఆఖరిదే రెండో శనివారం.

ఇంట్లో నెట్ సరిగా రాదు. గోడలు పాతకాలంవి, మూరెడు మందం. కాబట్టి పొద్దున్నే మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో బల్ల వేసి, ల్యాప్‌టాప్ పెట్టి, వెనకాల గోడకి స్కౌట్ జెండా కట్టుకున్నాను. అప్పుడే పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి యాదగిరన్న తొంగి చూశాడు.

యాదగిరన్న సిటీ బస్సు కండక్టర్‌గా రిటైరయ్యాడు. ఇప్పుడాయన లోకమంతా పావురాలే. ఆ రోజు పావురాల పోటీ. పొద్దున్నే అందరూ ఎవరి మిద్దె మీద వాళ్లు పావురాల్ని ఎగరేస్తారు. ఎవరివి ఎక్కువసేపు గాల్లో ఉంటే వాళ్లు గెలిచినట్టు, దిగాయంటే ఆట ముగిసినట్టే. టైం రాసుకోవడానికి ఒక మనిషి గడియారం, కాగితం పట్టుకుని ఆయన పక్కనే కుర్చీలో కూర్చున్నాడు.

"ఎస్తేరమ్మా, ఇయ్యాల జర మస్తు ఫికర్ల ఉన్న," అన్నాడు యాదగిరన్న. "చాంద్రాయణగుట్టాయనయి, నాయి, రెండు జట్లే మిగుల్తయని అందరంటున్నరు. మధ్యాన్నం దాంక మిద్దె మీద లొల్లి గిల్లి చెయ్యకు తల్లీ."

"అయ్యో యాదన్నా, నాది కంప్యూటర్ క్లాసు. అండ్ల లొల్లి ఏముంటది?" అన్నాను.

ఆయన తన పావురాల్ని మేతకి కిందికి పిలిచేది కండక్టరు విజిల్‌తోనే. గబగబా పొట్టి ఊతలు నాలుగైదు ఊదితే చాలు, ఎంత ఎత్తున ఉన్నా దిగొస్తాయి. ఈ సంగతి నాకు తెలుసా? పదేళ్లుగా తెలుసు. ఆ పొద్దున గుర్తుందా? పరీక్ష ధ్యాసలో పడి నా పేరే నాకు సగం గుర్తుంది.

పదిన్నరకి క్లాసు మొదలైంది. తెరమీద ఇరవై ఆరు మొహాలు, ఒక నల్లటి గడి. ఆ నల్లటి గడి, కెమెరా ఆపుకుని చూస్తున్న సుభద్ర మేడం. మొదటి అరగంట బాగానే గడిచింది. చచ్చినా గదమాయించకూడదని పంటి బిగువున తేనెలాంటి గొంతుతో చెప్పుకొచ్చాను. తర్వాత విజిల్ సంకేతాల పాఠం.

"చూడండి, ఒక పొడుగు ఊత ఊదితే అందరూ నిటారుగా నిలబడాలి. గబగబా పొట్టి ఊతలు ఊదితే దగ్గరికి రావాలి, అంటే మీరు కెమెరా దగ్గరికి రండి. పొడుగు, పొట్టి కలిపి ఊదితే అపాయం, వెనక్కి జరగాలి. సరేనా?"

"సరే మేడం!"

పొడుగ్గా ఒక ఊత ఊదాను. ఎవరూ కదల్లేదు.

మళ్లీ ఊదాను. ఇరవై ఆరుమందీ నన్ను ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు చూస్తున్నారు. ధూల్‌పేట్ నుంచి కిష్టయ్య గారని ఒక పెద్దాయన, నీళ్ల ఆఫీసులో పనిచేస్తాడు, ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేడం, ఏమనుకోకుండ్రి. మాకేం ఇనబడ్తలేదు."

"నా మాట ఇనబడ్తుందా కిష్టయ్య సార్?"

"మాట మంచిగ ఇనబడ్తుంది."

"మాటే ఇనబడంగ విజిల్ ఎట్ల ఇనబడకుంటది సార్? మాట కన్న విజిల్ చిన్నదా?"

ఎంత గట్టి వాదనో చూడండి. ఏ కోర్టులోనైనా నిలుస్తుంది. కిష్టయ్య గారు కాసేపు ఆలోచించి, "గదీ నిజమే," అన్నాడు.

మూడోసారి ఊదాను. కదలిక లేదు. గడియారం పదకొండు దాటింది. ఈ పాఠం పోతే క్లాసు పోతుంది, క్లాసు పోతే వీళ్లంతా మళ్లీ రెండు బస్సులు మారాలి, మా పిల్లల దళాలు ఇంకో రెండు మూతపడతాయి. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు. తేనె గొంతు ఎటు పోయిందో పోయింది.

"ఏందండీ ఇది! రేపు మీరు పిల్లల్ని అడవికి తోల్కపోతరు. ఆడ విజిల్ ఊదితే గిట్లనే కూసుంటరా? జర చెవులు పెట్టి ఇనాలె! ఇప్పుడు ఊదుత. ఇనబడ్డోళ్లు చెయ్యెత్తుండ్రి!"

ఊదాను. మా బహదూర్‌పురాలోనే ఇంకో బడిలో కొత్తగా చేరిన నస్రీన్ టీచర్ మెల్లగా చెయ్యెత్తింది.

"శభాష్! నస్రీన్‌కి ఇనబడ్డది. మిగతావాళ్ల చెవులకేమైంది?"

ఇంకో చెయ్యి లేచింది. తర్వాత రెండు. తర్వాత టపటపా అన్నీ లేచాయి. చివరికి కిష్టయ్య గారు కూడా నిట్టూర్చి చెయ్యెత్తాడు.

"ఇప్పుడు ఇనబడ్తుంది కదా సార్?"

"ఆ... ఇనబడ్తుంది మేడం. మస్తు ఇనబడ్తుంది."

చూశారా, గదమాయించకపోతే జనం వింటారా! ఆ క్షణాన నా మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

"ఇప్పుడు పరీక్ష. నేను ఊదిన సంకేతానికి తగినట్టు చెయ్యాలె!" అని పొడుగు ఊత ఊదాను. ఒకాయన నిలబడ్డాడు. ఒకామె నుదురు కెమెరాకి ఆనించింది. ముగ్గురు వెనక్కి జరిగారు, అందులో ఒకాయన కుర్చీతో సహా కనిపించకుండా పోయాడు. నస్రీన్ నా బుగ్గలకేసి కళ్లు చికిలించి చూస్తోంది. పాపం, ఎంతసేపు ఉబ్బాయో లెక్కపెట్టుకుంటోందని నాకేం తెలుసు?

"అట్ల కాదు! ఇగో, దగ్గరికి వచ్చే సంకేతం చూడుండ్రి!"

లేచి నిలబడి, ఊపిరంతా కూడగట్టి, గబగబా పొట్టి ఊతలు అందుకున్నాను. ఐదు ఊదాను. పది ఊదాను.

"మేడం," అన్నాడు కిష్టయ్య గారు, "మీ ఎనక..."

"ఎనక కాదు సార్, ముందు సూడుండ్రి! విజిల్ మీద ధ్యాస పెట్టుండ్రి!"

"గది కాదు మేడం, మీద నుంచి..."

"మాట్లాడొద్దు!"

ఇంకో పది ఊతలు. నస్రీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. అందరి కళ్లూ నా తల మీదుగా ఎక్కడో పైకి చూస్తూ, మెల్లమెల్లగా కిందికి దిగుతున్నాయి. ఎవరో "ఆపు! ఓ ఎస్తేరమ్మా, నీకు దండం పెడ్త, ఆపూ!" అని అరుస్తున్నట్టు లీలగా అనిపించింది గానీ, విజిల్ నోట్లో ఉన్న మనిషికి లోకం ఎక్కడ వినబడుతుంది?

అప్పుడు దిగాయి. ఒకటి బల్ల మీద. రెండు పిట్టగోడ మీద. ఒకటి జెండా మీద. ఒకటి నా భుజం మీద. మొత్తం తొమ్మిది, మేత ఎక్కడన్నట్టు నా మొహంలోకి చూస్తూ.

విజిల్ నా నోట్లోంచి జారి కింద పడింది. పిట్టగోడ అవతలి నుంచి టైం రాసే మనిషి గొంతు వినబడింది.

"దిగినయ్. పదకొండు ఇరువై."

యాదగిరన్న ఇక అరవలేదు. అరిచినా బాగుండేది. వచ్చి పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"ఎస్తేరమ్మా, ముప్పై ఏండ్లు బస్సుల విజిల్ ఊదిన. ఒక్క దినం గూడ తప్పు స్టాపుల మనిషిని దించలే. నువ్వు నా పావురాలను తప్పు స్టాపుల దించినవ్."

నాకు నిలబడ్డచోటే భూమిలోకి పోవాలనిపించింది. ఆయన ఆ పావురాల్ని పసిపిల్లల్ని సాకినట్టు ఎలా సాకాడో రోజూ చూసినదాన్ని. "యాదన్నా..." అన్నాను. ఆయన వినిపించుకోకుండా ఒక్కొక్క పావురాన్నీ మెల్లగా పట్టుకుని పోయాడు. భుజం మీద ఉన్నది కూడా లేచిపోయింది.

వెనక్కి తిరిగితే నల్లటి గడి నల్లగా లేదు. సుభద్ర మేడం కెమెరా పెట్టారు.

"ఎస్తేర్ గారూ," అన్నారు మెత్తగా. "మీ విజిల్ మాలో ఎవరికీ వినబడలేదండీ."

"లేదు మేడం, అందరూ చెయ్యెత్తారు..."

"ఈ యాప్ మనిషి గొంతునే ఉంచి, మిగతా చప్పుళ్లన్నీ తీసేస్తుంది. దానికి మీ విజిల్ కూడా చప్పుడే. ఒక సెట్టింగ్ మార్చుకోవాలి. మీరు ఒక్కసారైనా 'ఎందుకు వినబడటం లేదు' అని అడుగుతారేమోనని ఎదురుచూశాను. కిష్టయ్య గారూ, మీకు నిజంగా వినబడిందా?"

కిష్టయ్య గారు తల దించుకున్నాడు. "లేదమ్మా. మేడం గుస్స జేస్తుందని చెయ్యెత్తిన."

"నస్రీన్?"

"సారీ మేడం. బుగ్గలు చూసి అందాజాగా చేసిన."

సుభద్ర మేడం అన్నారు: "స్కౌటు నమ్మదగిన మనిషి అయ్యుండాలి. అదే కదండీ మన మొదటి నియమం? మీరు పది నిమిషాల్లో ఇరవై ఆరుమంది లీడర్ల చేత అబద్ధం చెప్పించారు. మీ క్లాసులో నిజాయితీగా నడుచుకున్నవి ఆ తొమ్మిది పావురాలే. సరేనండీ."

నా జన్మలో అంత మెత్తటి చెంపదెబ్బ తినలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఇరవై ఆరుమంది చూస్తున్నారు, ఏం చేస్తాను? "తప్పు నాదే. అందరూ నన్ను క్షమించాలె," అన్నాను. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, కిష్టయ్య గారు "ఇనబడ్తలేదు మేడం" అన్నాడు. ఆ మాట నిజం.

ఆ నిజమే నన్ను కాపాడింది. ఆయన భయపడకుండా చెప్పాడు, నేను కసరకుండా ఇంకోసారి చెప్పాను. అది చూసి సుభద్ర మేడం మూడు వారాల తర్వాత విజిల్ పాఠం ఒక్కటీ మళ్లీ చెప్పమన్నారు.

ఆ మూడు వారాల్లో యాదగిరన్న ఇంటికి నాలుగుసార్లు పోయి బతిమాలుకున్నాను. నాలుగోసారి తలుపు తీసి, "క్లాసు ఎప్పుడో ముందుగాల చెప్పు," అన్నాడు. ఆ రోజు రాగానే పావురాలన్నిటినీ గూట్లో పెట్టి తాళం వేసి, కుర్చీ వేసుకుని తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు.

విక్టర్ కూర్చుని ఆ సెట్టింగ్ మార్చాడు. ఇరవై ఆరుమందీ ఈసారి ఒక్క ఊత కూడా తప్పిపోకూడదని చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు పూర్తిగా పెంచుకుని సిద్ధంగా ఉన్నారు. సుభద్ర మేడం కూడా పెట్టుకున్నారు. నేను మైకు దగ్గరికి వంగి, మూడు వారాల పశ్చాత్తాపమంతా కలిపి ఒక పొడుగు ఊత ఊదాను.

ఇరవై ఆరుమందీ ఒక్కసారే లేచి నిలబడ్డారు. నిలబడటం కాదు, ఎగిరారు. ఇయర్‌ఫోన్లు గాల్లోకి లేచాయి. కిష్టయ్య గారి కళ్లజోడు కూడా లేచింది.

"వినబడిందా?" అని ఎంతో మర్యాదగా అడిగాను. అందరూ చెవులు రుద్దుకుంటున్నారు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. సుభద్ర మేడం మూడే వాక్యాలు రాశారు: "ఈసారి అందరికీ వినబడింది. నాకు ఇంకా వినబడుతూనే ఉంది. పాస్."

కాబట్టి నా పాఠం విన్న మనుషుల, పావురాల సాక్షిగా, స్కౌటు పద్ధతిలో కుడిచేతి మూడు వేళ్లు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట విజిల్ నోట్లో పెట్టుకునే ముందు ఆకాశంలోకి చూస్తాను, మైకుకి మూడడుగులు ఎడంగా నిలబడతాను. ఎవరైనా వినబడలేదంటే నోరు మూసుకుని నమ్ముతాను. అందరూ కలిసి వినబడిందంటే మాత్రం, చచ్చినా నమ్మను.