చుక్క ఆరే వేళ

తెలంగాణ సరిహద్దుకు అవతల, మరాఠీ సీమలోని తుకుంలో బట్టల దుకాణం నడిపే పోశెట్టి వేళ్లకు నిలకడ లేదు. గిరాకీతో మాట్లాడుతూనే ఏదో ఒక బట్ట అంచును నలుపుతూ ఉంటాడు. ఏదీ అందకపోతే తన చొక్కా అంచునే. తెలంగాణ వేరుపడిన ఆ ఏడు ఆదిలాబాద్ బావమరిది ఫోన్లో, "మాకు కొత్త రాష్ట్రమొచ్చింది బావా, మీరింకా పాతదాంట్లనే ఉంటిరి" అని ఎగతాళి చేస్తే కూడా సరిగా వినలేదు. రాత్రిళ్లు టెలిస్కోపుతో చుక్కలు చూసే అతని మనసంతా రాబోయే శనివారం మీదే ఉంది. శనివారం చీకటి పడగానే ఒక గ్రహశకలం ఓ చుక్కకు అడ్డొస్తుంది. దాని నీడ దగ్గర్లోని బొగ్గుగనుల ఊరు పద్మాపూర్ మీదుగా ఒక్కసారే పోతుంది. చుక్క ఆరిన క్షణం, మళ్లీ వెలిగిన క్షణం దొరికితే ఆ రాయి ఎంత వెడల్పో తెలుస్తుంది. తప్పితే మళ్లీ దొరకదు. టెలిస్కోపుకు ఏ కెమెరా బిగించాలి? ఒకటి రంగులన్నీ చూపిస్తుంది, కానీ నిదానం. రెండోది మసక నలుపు తెలుపే, కానీ రెప్పపాటులో ఎన్నో బొమ్మలు తీసి ప్రతిదాని మీదా సమయం వేస్తుంది. పోశెట్టి ఒకటి బిగిస్తాడు, విప్పుతాడు, రెండోది బిగిస్తాడు.

భార్య ప్రభావతి చాయ్ పెడుతూ అడిగింది: "గిరాకొస్తే చీర సూపెట్టకముందు ఏమడుగుతరు?"

"ఏం పనికమ్మా అని."

"మరి మీకేం పనికి?"

"చుక్క ఎప్పుడారిందో సూడనీకి."

"గంతేనా? మరి గా రంగులెవలికి?"

శనివారం పద్మాపూర్ బయలులో, బొగ్గు దుమ్ము వాసన మధ్య, నలుపు తెలుపు తెర మీద చుక్క సన్నగా వణికింది. పోశెట్టి వేళ్లు చొక్కా అంచును నలుపుతూనే ఉన్నాయి. చుక్క ఆరింది. అది మళ్లీ వెలిగేదాకా ఆ అంచు అతని వేళ్ల మధ్య కదలకుండా ఉంది.