చంద్రుడి రీల్లో మొదటి ఫొటో

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసిన రోజుల్లో నాకు చంద్రుణ్ణి ఫొటోలు తీసే పిచ్చి పట్టింది. వర్క్‌షాపులో నేను స్టోర్‌కీపర్ని. దేశం వెళ్ళిపోతున్న ఒక మలయాళీ దగ్గర పాత కెమెరా, మూరెడు పొడుగు లెన్సు కొన్నాను. అప్పట్నుంచి నేలమీది మనుషులు నా కంటికి ఆనలేదు. డ్యూటీ దిగగానే క్యాంపు మేడ ఎక్కి, విదియ నుంచి పౌర్ణమి దాకా రోజుకొక్క ఫొటో తీసేవాణ్ణి. రెండోది తీస్తే ఫిల్ము దండగ.

మొదటి రీలు దుబాయ్‌లోని డేరా బజారులో ఒక స్టూడియోలో కడగడానికిస్తే, ప్రతి చంద్రుణ్ణీ నడిమికి కోసి ఇచ్చారు. ఫిల్ము నిండా ఆకాశమే ఉంటే ఒక ఫొటో ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైందో కత్తెర పట్టినవాడికి తెలియదట. "రీలు మొదట్లో పగటిపూట ఒక మనిషిని తియ్యి భాయ్, దాన్నిబట్టి కోస్తాం" అన్నాడు షాపువాడు. అలా చంద్రుడికి కొలత కోసం ఒక మనిషి అవసరం పడ్డాడు.

ఈ సంగతి గదిలో చెప్పానో లేదో, అందరూ దువ్వెనలు తీశారు. ఫొటోల కోసమని మా గదికి ఉమ్మడిగా ఒక కోటు ఉండేది. మండుటెండలో దాన్ని తొడుక్కుని, మా వీసాలకు యజమాని అయిన కఫీల్ కారు పక్కన నిలబడి ఫొటో దిగితే, ఊళ్ళో ఆ కారు మనదే అయిపోయేది. చివరికి అందరూ కలిసి కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వెల్డర్‌కు వంతు ఇచ్చారు. అతను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతురు అతన్నింకా చూడలేదు.

"ఇంటికొచ్చిన ప్రతి మొగోన్ని బాపూ అంటున్నదటన్నా. మొన్న పోస్ట్‌మన్‌ను గూడ అన్నదట. దానికి నా మొఖం జూపియ్యాలె" అన్నాడు.

"పాస్‌పోర్టు ఫొటో పంపలేదా?"

"పంపిన. జూసి ఏడ్సిందట. అండ్ల నేను పోలీసోళ్లు పట్కపోయిన దొంగ లెక్కున్న."

డేరాలోని ఆ స్టూడియోకే పోయి దిగమంటే, "పుకట్ల దిగుతుంటే పైసలెందుకు వెట్టాలె?" అన్నాడు. ఈ మాట గదికంతా నచ్చింది. అంతటితో ఆగితే మేం దుబాయ్ తెలుగువాళ్ళం ఎలా అవుతాం? రీలు ఎక్కించాక మొదటి రెండు మూడు నొక్కులు వెలుతురు తగిలి ఉత్తగా పోతాయి. మనిషిని ఆ ఉత్త నొక్కుల్లోనే లాగేస్తే రీల్లోని ముప్పై ఆరు ఫొటోలూ చంద్రుడికే మిగులుతాయని నేను లెక్క చెప్పాను. వెలుతురు తగలకుండా నేనూ వెల్డరూ ఒకే కంబళి కింద దూరి, చెమటలు కక్కుతూ రీలు ఎక్కించాం. శుక్రవారం పొద్దున కోటు తొడుక్కుని, కారు బానెట్ మీద మోచెయ్యి ఆనించి అతను నిలబడ్డాడు.

ఇక రీలు పూర్తయ్యేదాకా అతని ముఖం నా కెమెరాలో బందీ. దుమ్ముగాలి ఒక రోజు, మబ్బు ఒక రోజు, ఓవర్‌టైమ్ ఇంకో రోజు. అంతకుముందు తలెత్తి ఆకాశం చూడనివాడు ఇప్పుడు చంద్రుడికి ఏజెంటయ్యాడు. "ఎల్లిండన్నా, యల్లా, నడువు" అంటూ స్టాండు భుజాన వేసుకుని నాకంటే ముందు మేడ ఎక్కేవాడు. "ఇయ్యాల నిన్నటి లెక్కనే ఉన్నడు గద, రెండు గొట్టరాదు?" అని బతిమాలేవాడు. నిన్నటి చంద్రుడికీ ఇవాళ్టి చంద్రుడికీ తేడా ఏమిటో నేను ఓపిగ్గా పాఠం చెప్పేవాణ్ణి. ఒకరోజు పాఠం మధ్యలో, "నా బిడ్డకు మాటలన్నీ వచ్చినయటన్నా" అన్నాడు. నేను పాఠం ఆపలేదు.

రీలు ఖలాస్ అయ్యి, ఫొటోలు చేతికొచ్చిన రోజు నా ఆనందం పట్టశక్యం కాలేదు. ఒక్క చంద్రుడూ కోతపడలేదు. గదిలో అందరికీ పంచి చూపించాను. వెల్డర్ మాత్రం మొదటి ఫొటో పట్టుకుని కూర్చున్నాడు. కంబళి కిందికి ఎక్కణ్ణుంచి దూరిందో వెలుతురు, సగం ఫొటోను తినేసింది. కఫీల్ కారు దివ్యంగా వచ్చింది. మనవాడిది బానెట్ మీద ఆనిన మోచెయ్యి ఒక్కటే మిగిలింది.

"కోటు చెయ్యి మంచిగొచ్చింది, పంపు" అన్నాడొకడు.

అతను నవ్వలేదు. నా చంద్రుళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూసి, పక్కన పెట్టాడు.

"చందమామ మా ఊర్లె గూడ ఎల్తడన్నా. నా బిడ్డ రోజూ జూస్తది. దానికి కనబడంది నేను."

మర్నాడు శుక్రవారం. కొత్త రీలు వేసి, ఉత్త నొక్కుల్ని ఉత్తగానే పోనిచ్చి, రీలంతా అతన్నే తీశాను. కోటు వద్దన్నాడు, కారూ వద్దన్నాడు. ఎండలో నిలబడి, కెమెరాలోకి చూస్తూ ప్రతి నొక్కుకూ, "నేను బిడ్డా, బాపును" అని చెప్పాడు.