గ్యాలరీ గుమ్మానికి ఇంటూ కట్టెలు

గ్రూప్ ఎగ్జిబిషన్ అనే మాట వింటేనే ఇప్పుడు నాకు అసహ్యం. పదేళ్లకు పైగా వాటిలో నా బొమ్మలు పెడుతూ వచ్చినవాణ్ణి నేనే, కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

గోదావరిఖనిలో మా కాలనీ కమ్యూనిటీ హాలుకు కొన్నేళ్ల కింద తెల్లరంగు కొట్టి, లైట్లు బిగించి, బయట ఆర్ట్ గ్యాలరీ అని బోర్డు పెట్టారు. బోర్డు మారింది గానీ హాలు మారలేదు. పెళ్లిళ్లు అక్కడే, కంటి పరీక్షల క్యాంపులు అక్కడే, యూనియన్ మీటింగులూ అక్కడే. ఏడాదికి ఒకసారి రెండు రోజులు మాకు ఇస్తారు. గోడ కిందిభాగంలో పప్పుచారు మరకలుంటాయి. ఒకసారి నా కాన్వాసు వెనక నుంచి థర్మాకోల్ పెళ్లికొడుకు పేరులో సగం అక్షరాలు తొంగిచూస్తూ ఉండిపోయాయి. ఓపెనింగుకు వచ్చిన ఆఫీసరు గారు అది కూడా బొమ్మలో భాగమే అనుకుని చాలాసేపు చూసి తల ఊపారు.

మా గ్రూపులో ఏడుగురం. నేను బళ్లో డ్రాయింగు మాస్టారిని. మిగతావాళ్లలో ఫ్లెక్సీలు చేసేవాళ్లున్నారు, ఆఫీసు ఉద్యోగులున్నారు. ఎగ్జిబిషన్ దగ్గర పడిందంటే గుమ్మం ఎదురుగా ఉండే గోడ కోసం కొట్టుకునేదాకా వస్తాం, ఎందుకంటే రిబ్బను కత్తిరించిన వాళ్లు మొదట ఫోటో దిగేది అక్కడే. ఫోటో కూడా బొమ్మకు వీపు తిప్పి దిగుతారు. తర్వాత శాలువాలు. తర్వాత ఉపన్యాసాలు. వాటిలో కార్మికుడు ప్రతిసారీ నల్ల సూర్యుడే. ఆ నల్ల సూర్యుల్లో ఒక్కణ్ణయినా ముందు వరుసలో కూర్చోబెట్టగా నేను చూడలేదు.

నేనేం తక్కువ తిన్నవాణ్ణి కాదు. టోపీకి లైటు, భుజాన పనిముట్టు, మొహాన బొగ్గు, కళ్లలో మెరుపు: ఈ బొమ్మనే రంగులు మార్చి ఏటా వేసేవాణ్ణి. కంపెనీ గెస్టుహౌసులకు అవే కావాలి. మా నాన్న జీవితమంతా బాయి, అదే బొగ్గుగని, దిగాడు గానీ నేను దిగింది ఒక్కసారే, అదీ విజిటర్‌గా. నా బొమ్మల్లోని అబద్ధాన్ని మొదట పట్టుకున్నది ఒక రిటైరైన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట రూఫ్ కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. మా నాన్నా ఆయనా ఒకే గ్యాంగు. నేను కాక అని పిలుస్తాను.

ఆయన నా బొమ్మ ముందు నిలబడి నవ్వాడు. "ఏంది కొడుకా, నీ మనిషి ఎడమకు సూస్తుండు, లైటు కుడికి కొడుతుంది. టోపీ లైటు ఎటు సూస్తే అటే పోతది గద. మీ నాయిన ఉంటే మొట్టికాయ ఏసెటోడు."

అలా అన్నవాడు నిజంగా గీయగలిగినవాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్లు విరామంలో సుద్దముక్కతో దుంగల మీద మొహాలు గీసేవాడట. ఆ దుంగలన్నీ ఏ మట్టిలో ఉన్నాయో. రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చి రంగులు ఎట్లా కలపాలో అడిగాడు. నేను చెప్పిన రెండు రోజులకే నాకన్నా బాగా కలిపాడు. ఒక చలికాలంలో మొదలుపెట్టి వర్షాకాలందాకా ఒకే బొమ్మ వేశాడు, ప్లైవుడ్ మీద, మంచమంత పెద్దది. ఎనిమిది మంది గ్యాంగు బాయిలో చుట్టూ కూర్చుని సద్దులు విప్పుకుంటున్నారు. టోపీ దీపాలు ఎవరివి వాళ్ల అన్నం మీద పడుతున్నాయి. ఆ వెలుతురు కింది నుంచి మొహాలకు కొడుతోంది. మా నాన్న నడుమ ఉన్నాడు, పచ్చడి గిన్నెను పక్కవాడివైపు జరుపుతూ. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వెంటనే ఈర్ష్య కూడా వచ్చింది.

ఎనిమిది మందిలో ముగ్గురు పోయారు. కాకను మినహాయిస్తే మిగిలింది నలుగురు: మందమర్రిలో ఇద్దరు, కాసిపేటలో ఒకరు, మా ఊళ్లోనే ఇంకొకరు. వాళ్లు ఆ బొమ్మ చూడాలి, అదే కాక కోరిక. ఇంటికి పిలిచి చూపించరాదా అంటే ఒప్పుకోలేదు.

"ఇంట్ల సూస్తే ఇంటి బొమ్మనే అయితది. గోడకు ఉండాలె, లైట్లుండాలె, నలుగురు నిలవడి సూస్తుండాలె. గప్పుడు వాళ్ల మొఖాలు వాళ్లు సూసుకోవాలె. నాకింకేం వద్దు."

కాక తన కొడుకు ఫోను నుంచి నలుగురికీ చెప్పించాడు: మొదటి రోజు పదకొండు గంటలకు రండ్రి. ఎందుకో మాత్రం చెప్పలేదు, బొమ్మలో తామున్నట్టు వాళ్లకు తెలియదు. మా గ్రూపు మాత్రం ఆయన బొమ్మను వెనక గదికి తోసేసింది, పెళ్లిళ్లలో భోజనాల బంతులు వేసే గదికి. సైజు పెద్దది, ముందు హాల్లో సెట్టవ్వదు అన్నారు. నేను గట్టిగా అడ్డుపడలేదు, ముందు హాల్లో నావి నాలుగున్నాయి.

ఆ ఏడు సిటీ నుంచి ఒక క్యూరేటర్ వచ్చాడు. బొమ్మలు ఏరడం, ఎక్కడేది పెట్టాలో చెప్పడం ఆయన పని. సిటీలో ఆయన పెట్టబోయే పెద్ద షో మీదే మా అందరి కళ్లూ ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నేనే ఆయన్ను చాయ్‌కి తీసుకెళ్లాను. మీ జీవితంలోంచి ఏదైనా చెప్పండి అన్నాడు. నేను ఇంటూ కట్టెల సంగతి చెప్పాను.

బాయిలో రూఫ్ బాగాలేని చోట దారికి అడ్డంగా రెండు కట్టెలు ఇంటూ గుర్తులా కడతారు. అది దాటకూడదు. గ్యాంగు భద్రత చూసే సర్దార్ వచ్చి, కర్రతో రూఫ్ తట్టి, చప్పుడు విని, తన చేత్తో విప్పితేనే దారి. ఈ అలవాటు పైకి వచ్చాక కూడా పోదు. నా చిన్నప్పుడు మా క్వార్టర్ ముందు సిమెంటు వేసి నాన్న రెండు కట్టెలు అట్లా పెట్టాడు. మా లైనులో ఒక్కరూ కాలు పెట్టలేదు. సిమెంటు ఎండి రాయయ్యాక కూడా పెట్టలేదు. మా అమ్మ నాలుగు రోజులు వెనక దారిన నీళ్లు మోసింది. చివరికి పక్క క్వార్టర్‌లోని సర్దారే వచ్చి విప్పాడు. దీన్ని నేను కాస్త ఉప్పూకారం చల్లి, అభినయించి మరీ చెప్పాను. క్యూరేటర్ బ్యూటిఫుల్ అని రెండుసార్లు అన్నాడు. నేను పొంగిపోయాను. 

మర్నాడు పొద్దున నేనూ కాకా పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లాం. కాక తిన్నగా తన బొమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. నేను ముందు హాల్లోకి వచ్చి చూస్తే పెద్ద గుమ్మానికి బయటి నుంచి రెండు లావాటి కట్టెలు ఇంటూగా కట్టి ఉన్నాయి. వరండాలో స్తంభం వెనక స్టాండు మీద కెమెరా. అతిథులు పక్క తలుపుకు పోవాలని ఇంగ్లీషులో చిన్న బోర్డు, బాణం గుర్తు.

"సార్, మా పెద్దవాళ్లు వస్తారు. వాళ్లు ఇది దాటరు," అన్నాను.

"దాటకపోవడమే నా వర్క్ అండీ," అన్నాడాయన. "మీరు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పకండి, సహజంగా జరగనివ్వండి. అన్నట్టు, మీవి రెండు సిటీ షోకు అనుకుంటున్నాను."

నేను నోరు మూసుకున్నాను. ఇందులో నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు.

పదకొండు కాకముందే నలుగురూ ఆటో దిగారు. ఉపన్యాసాలు అయిపోయి అతిథులంతా హాలు వెనక షామియానాలో టిఫిన్ల దగ్గరున్నారు, ముందువైపు ఎవరూ లేరు. ఉతికిన తెల్లచొక్కాలు, ఒకాయన భుజాన కొత్త తువాల. మెట్లెక్కుతున్న ముందాయన కట్టెలు చూశాడు. చూసిన క్షణమే చెయ్యి అడ్డంగా చాచి వెనకవాళ్లను ఆపాడు. నలుగురూ తలెత్తి వరండా కప్పు చూశారు. ఒక్కో మెట్టే వెనక్కి దిగారు.

"రూఫ్ ఖరాబైనట్టున్నది," అన్నాడు ముందాయన.

"మల్ల ప్రోగ్రామో?"

"ఇంటూ కట్టినంక ప్రోగ్రామేంది? ఆపేసుంటరు."

తువాల ఆయన నోటి దగ్గర చేతులు పెట్టుకుని "ఓ అన్నా" అని రెండుసార్లు కేకేశాడు. వెనక గదిలో కూలర్ హోరులో కాకకు అది వినపడలేదు. నాకు వినపడింది. కిటికీ పక్కనే ఉన్నాను, పది అడుగుల దూరంలో. ఎండలో పావుగంట నిలబడి, కొడుకు ఫోనుకు రెండుసార్లు కలిపి చూశారు. కొడుకు ఫస్ట్ షిఫ్టులో బాయిలో ఉన్నాడు, ఫోను పైన లాకర్లో ఉంటుంది. ఆ తర్వాత వాళ్లు వెళ్లిపోయారు. ఇటు రండ్రి అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. కెమెరాలో నా గొంతు పడితే ఆయన వర్క్ చెడిపోతుందని ఆలోచించాను, సిగ్గు లేకుండా.

మధ్యాహ్నం కాక అడిగాడు. "వచ్చిన్రా?"

"చూస్తనే ఉన్న కాక. బస్సు లేటయిందేమో."

ఆయన అన్నానికి కూడా కదలలేదు. నేను తిన్నాక వస్తే నన్ను బొమ్మకు ఇంకోవైపు నిలబెట్టి, ఈడ నిలవడి సూస్తే మీ నాయిన మొఖం మంచిగ కనవడుతది, అన్నాడు.

సాయంత్రం హాల్లో లైట్లార్పి గోడ మీద ఫిలిం వేశారు. నలుగురు ముసలివాళ్లు మెట్లెక్కడం, చెయ్యి చాచడం, కప్పు చూడటం, వెనక్కి దిగడం. దాన్నే నిదానం చేసి మళ్లీ చూపించారు. జనం నవ్వారు. పాపం ఎంత అమాయకులో అని ఒక ఆఫీసరు భార్య అంది. క్యూరేటర్ మైకు పట్టుకుని, లొంగుబాటు ఈ శరీరాల్లో ఎలా గూడుకట్టుకుందో చూడండి, అన్నాడు. చప్పట్లు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. చేతులు వాటంతటవే కలిశాయని చెప్పుకోవచ్చు గానీ, చేతులు అట్లా కలవవు.

"వచ్చిన్రు!"

వెనక తలుపు దగ్గర కాక. గోడ వైపు చూపిస్తూ మళ్లీ అన్నాడు: "వచ్చిన్రు మావోళ్లు."

క్యూరేటర్ సంబరపడి మైకు తెచ్చి ఆయన నోటి ముందు పెట్టాడు. ఎలా అనిపిస్తోంది పెద్దాయనా అని అడిగాడు.

"రూఫ్ బాగలేకపోతె మరి గిందరిని లోపలెందుకు కూసోవెట్టిన్రు సార్?"

మళ్లీ నవ్వారు. రూఫ్‌కు ఏమీ కాలేదనీ, ఇది కళ కోసమేననీ క్యూరేటర్ ఓపిగ్గా చెప్పాడు.

"ఏం గాకుండనే కట్టిన్రా?" కాక మొహంలో కోపం కాదు, భయం చూశాను. "ఉత్తగ కట్టొద్దు సార్. ఉత్తగ కడితె, రేపు నిజంగ కట్టిననాడు ఎవ్వడు నమ్మడు. మనుషులు పోతరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. క్యూరేటర్ ఫోను తీసి, ఆ మాట మళ్లొక్కసారి చెప్పండి, రికార్డు చేసుకుంటాను, అన్నాడు. నేను చూసిన మనుషుల్లో అంతటి చీదర నాకు ఇంకెవరి మీదా కలగలేదు, నా మీద తప్ప.

కాక వెనక గదికి వెళ్లి బొమ్మను గోడ నుంచి దించాడు. ఇంకా రేపటి రోజుంది కదా అని మా గ్రూపువాళ్లు వెంటపడ్డారు.

"సూడవలసినోళ్లు వచ్చి పోయిన్రు," అన్నాడు.

నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. ఆయన ముందు, నేను వెనక, నడుమ ఎనిమిది మంది. సెకండ్ షిఫ్టువాళ్లు ఇంకా బాయిలోనే ఉండే వేళ, కాలనీ రోడ్డు ఖాళీగా ఉంది, ఇళ్లలో టీవీలు మోగుతున్నాయి. సగం దారి నడిచాం. తర్వాత వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఇన్నేండ్లయినా, సర్దార్ ఇప్పందే దాటలే సూసినవా? మంచిగ జేసిన్రు మావోళ్లు."

"అవును కాక."

"గని సిటీ ఆయనకు గీ కట్టెల ముచ్చట ఎట్ల ఎరుక? మనోడే ఎవడో చెప్పుంటడు."

"తెల్వది కాక."

ఇంకో నాలుగు అడుగులు నడిచాడు. బొమ్మ బరువు నా వైపుకు ఒరిగితే తన కొస కాస్త పైకెత్తి సరిచేశాడు.

"ఎవడైతేంది, గిట్ల జేస్తరని ఎరుకలేక చెప్పుంటడు పాపం. ఎరుకుండి మనోడు ఊకుంటడా?"

"ఊకోడు కాక," అన్నాను.