ఆకాశపక్షికి కోడికాళ్లు

ఆ రోజుల్లో లోకంలోని తప్పులన్నీ నేనే దిద్దాలని ఒక నమ్మకం ఉండేది నాకు. ఎనిమిదో తరగతితో బడికి సెలవు చెప్పినవాడికి (నిజానికి బడే చెప్పింది, నేను ఒప్పుకున్నానంతే) అంత ధీమా ఎక్కడిదని అడక్కండి. అప్పటికి మెట్రో స్తంభాలు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులోని ఓ బైండింగ్ షాపులో పనికి కుదిరాను. నల్లగొండ దగ్గరి మా ఊళ్లో నన్ను బస్సెక్కిస్తూ మా నాయన ఒకటే మాటన్నాడు: "గీ పని గూడ పోగొట్టుకొని ఒస్తే, నీకూ బర్రెలకూ ఒకటే కొట్టం."

ఒకనాడు సైదాబాద్ నుంచి జువాలజీ సారు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన లెక్చరరు. పసిబిడ్డను దవాఖానకు తెచ్చినట్టు ఒక పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. తెల్లవాళ్లు ఓడలేసుకుని కొత్త దీవులు వెతికిన కాలంలో, అక్కడి జంతువుల గురించి అచ్చేసిన పుస్తకమట. బొమ్మలకు రంగులు చేత్తో అద్దారట. "కుట్లు ఊడాయి, మళ్లీ కుట్టు. అంచులు కొయ్యకు, ఇంకేమీ చెయ్యకు నాన్నా," అని మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ తలూపాను.

కుట్టడం మాత్రం బ్రహ్మాండంగా కుట్టాను. తర్వాత పేజీలు తిప్పుతుంటే ఒక పక్షి కనిపించింది. పసుపు తోక, పచ్చని మెడ, పెళ్లికూతురికే కుళ్లు పుట్టేంత సింగారం. కాళ్లు మాత్రం లేవు! పాపం, గీసినవాడికి ఓడలో కళ్లు తిరిగి ఉంటాయనుకున్నాను. నాకు బాగా తెలిసిన కాళ్లు నాటుకోడివే. నల్ల బాల్‌పెన్నుతో, గోళ్లతో సహా, రెండు గీశాను. (చక్కగా కుదిరాయి కూడా.)

మర్నాడు సారు రాగానే మెప్పు కోసం నేనే ఆ పేజీ తెరిచాను. "జూడుండ్రి సార్, కాళ్లు మర్చిపోయిండ్రు. నేనే పెట్టిన."

సారు స్టూలు మీద కూలబడ్డాడు. మా సేటు తొంగిచూసి, "బట్టలు సదురుకో. గిప్పుడే బస్సెక్కు," అన్నాడు.

సారు ఆ కోడికాళ్ల మీద వేలు పెట్టాడు. "మర్చిపోలేదురా. ఆ దీవుల్లో పక్షిని ఎండబెట్టి అమ్మేవాళ్లు కాళ్లు కోసేసేవారు. ఓడల్లో తెల్లవాళ్ల దేశాలకు అలాగే వెళ్లింది. అక్కడ చూసినవాళ్లు దీనికి కాళ్లే ఉండవనీ, చచ్చేదాకా ఆకాశంలోనే ఉంటుందనీ నమ్మారు. ఆ తప్పు కోసమే ఈ పుస్తకమంటే నాకు ప్రాణం."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "మరి అసలు పక్షికి కాళ్లుంటయా సార్?"

"ఉంటాయి."

"అయితే నాదే కరెక్టు గద సార్!"

సేటు చెయ్యెత్తాడు. సారు మాత్రం మొదట దగ్గాడు, తర్వాత నవ్వాడు, కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. "వాణ్ని ఉంచండి సేటూ. అంతమంది పండితులకు రాని అనుమానం వీడికొచ్చింది. కానీ కోడికాళ్లేమిట్రా వెధవా!" అంటూ జేబులోంచి పెన్సిల్ తీసి, బొమ్మ కింద 'కాళ్లు తర్వాత చేర్చినవి' అని రాసి, నా పేరడిగి అదీ రాశాడు. "పాత పుస్తకంలో ఎవరు చెయ్యి పెట్టినా రాసి ఉంచాలి. తర్వాత చూసేవాళ్లు మోసపోకూడదు."

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో నాదే ఒక బైండింగ్ షాపు. సారు పోయి చాలా కాలమైంది, పుస్తకం ఎవరి బీరువాలో ఉందో తెలియదు. బడి రిజిస్టరులో కొట్టేసిన నా పేరు ఆ పక్షి పాదాల దగ్గర మాత్రం భద్రంగానే ఉండి ఉంటుంది. ఎవరైనా అది చూసి, ఇతగాడు ఏ ఓడలో వెళ్లిన చిత్రకారుడో అని కాసేపు బుర్ర గోక్కుంటే బాగుండు.