ఆవాల దిండు చైనా వెళ్ళొచ్చింది

కుక్క వచ్చి నా కూతురి ఎదురుగా బుద్ధిగా కూర్చుంది.

ప్రమాదం అన్నది నాకు మొట్టమొదట తెలిసింది సరిగ్గా ఆ క్షణంలోనే. కుక్క కూర్చుంటే ప్రమాదమేంటమ్మా అంటారేమో. మొరిగే కుక్క కరవదని మనవాళ్ళు అన్నారు గానీ, పాపం వాళ్ళెవరూ ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో దిగి ఉండరు. ఇక్కడి కుక్క మొరగదు, కరవదు. కోటు తొడుక్కుని, మగపెళ్ళివారి తరఫు మేనత్తలా మూతి బిగించుకుని సామాన్లన్నీ వాసన చూస్తూ తిరుగుతుంది. ఏదైనా పట్టుకుందంటే మాత్రం వచ్చి మన ముందు చతికిలబడుతుంది. ఆ తర్వాత మన పరువు కూడా దాని పక్కనే చతికిలబడుతుంది.

ఆ ఒక్క కుక్క కూర్చోవడంతో నేను నా చదువుకీ, ఉద్యోగానికీ, అత్తగారికీ, ఈ దేశపు తోటలకీ ఒకేసారి మొహం చూపించుకోలేకపోయాను. పిల్లలిద్దరూ పడుకున్నారు, గిన్నెలు తోమడం అయింది, కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నాను.

మేం ఉండేది టౌరంగాలో. మేమంటే నేనూ, మా ఆయన రఘు, అప్పటికి ఆరేళ్ళ మా అబ్బాయి ఆర్య. ఈ ఊళ్ళో ఎటు చూసినా కివీ పండ్ల తోటలే. నేను ఎమ్మెస్సీ చదివి, ఆ పండ్లు సర్దే ప్యాక్‌హౌస్‌లో క్వాలిటీ కంట్రోల్ పని చేస్తాను. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు క్లాసు చెప్పేది కూడా నేనే. "బయటి దేశం నుంచి ఒక్క గింజ, ఒక్క మట్టి బెడ్డ తెచ్చినా ఈ తోటలన్నీ పోయినట్టే" అని వేలు ఊపుతూ చెప్తాను. ఆ వేలు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో వంగిపోతుంది.

ఆర్య పుట్టాక ఇక నాకు పిల్లలు కలగరని డాక్టరు చెప్పేశారు. ఇంట్లో ఇంకో పిల్ల కావాలన్న కోరిక మాత్రం ఏ డాక్టరు చెప్పినా వినలేదు. అప్పట్లో ఇక్కడివాళ్ళు చైనా వెళ్ళి పిల్లల్ని దత్తత తెచ్చుకునే వీలుండేది. ఇప్పుడా దారి మూసేశారు. ఏళ్ళ తరబడి ఇంటర్వ్యూలు, ఇల్లు చూసి వెళ్ళడాలు అన్నీ అయ్యాక ఒకరోజు ఫోటో వచ్చింది. రెండున్నరేళ్ళ పిల్ల. పేరు జియా. బుగ్గలు ఇడ్లీల్లా ఉన్నాయి. పక్కకి తిరిగి ఎవర్నో అనుమానంగా చూస్తోంది.

ఫోటోని గుంటూరులో ఉన్న అత్తగారికి పంపాను. మరుక్షణం ఫోన్ మోగింది.

"అమ్మాయ్, పిల్ల బంగారంలా ఉందే! అంతా బానే ఉంది గానీ, ఆ తలేంటే వెనకాల అట్లపెనంలా చదునుగా?"

"ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారు అత్తయ్యా. అక్కడ చాలామందికి అలాగే ఉంటుందట."

"ఆవాల దిండు వెయ్యి."

"అది నెలల పిల్లలకి కదా? దీనికి రెండున్నరేళ్ళు. ఈపాటికి ఎముకలు గట్టిపడి..."

"నీ చిన్నప్పుడు మీవాళ్ళు వేశారా?"

"వేశారు."

"వేసినా నీకు సరిగ్గా రాలేదు. అందుకే చెప్తున్నా, దానికైనా శ్రద్ధగా వెయ్యి."

చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏంటో అప్పుడు చూడాలి మీరు. ఎమ్మెస్సీ చదివినదాన్ని, పుర్రె ఎముకల గురించి అత్తగారికి నాలుగు మాటలు చెప్పగలిగినదాన్ని, తిన్నగా ఇండియన్ షాపుకి వెళ్ళి ఆవాలు తూయించుకున్నాను. "ఏంటమ్మా, ఊరంతటికీ ఆవకాయ పెడుతున్నావా?" అంది షాపు ఆంటీ.

నిజం చెప్పాలంటే తల గురించి కాదు నా దిగులు. ఆ పిల్ల మమ్మల్ని చూసి జడుసుకుంటుందా? మా భాష, మా పోపు వాసన, రఘు మీసం, ఇవన్నీ చూసి ఏమనుకుంటుంది? ఇన్ని భయాల్లో నా చేత్తో నేను చేయగలిగింది దిండు కుట్టడం ఒక్కటే. పసుపుపచ్చ గుడ్డ తీసుకుని, ఆవాలు నింపి, చుట్టూ రెండు వరసలు కుట్టాను.

దిండుతో సహా నలుగురం చైనా వెళ్ళాం.

ఒక ఆఫీసు గదిలో అనాథాశ్రమం ఆయమ్మ జియాని తెచ్చి మాకు అప్పగించింది. చుట్టుపక్కల పిల్లలందరూ గుక్కపట్టి ఏడుస్తున్నారు. ఇది ఏడవలేదు. బస్సు ఆలస్యమైనప్పుడు మనం పక్కవాళ్ళని చూస్తామే, అలా చూసింది మావంక. పెట్టింది తింది. స్నానం చేయిస్తే చేయించుకుంది. నేను ఎత్తుకోబోతే మాత్రం కర్రలా బిగుసుకుపోయేది. నోట్లోంచి ఒక్క మాట లేదు. ఏడుపైనా లేదు.

"టైమ్ ఇవ్వండి" అంది మా గైడు.

"ఈ పిల్లకి మాటలొచ్చా?" అని అడిగాను భయంగా.

"ఆయమ్మతో బాగా మాట్లాడేదట."

అంటే మాతోనే మాట్లాడదు. ఆ విషయం తెలిశాక నాకు అన్నం సయించలేదు.

మొదటిరోజు సాయంత్రమే సూట్‌కేసులోంచి దిండు లాగింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. సరసరమంది. తల వంచి విని, మళ్ళీ ఊపింది. ఇక దాన్ని వదిలితే ఒట్టు! పెళ్ళికూతురు కొబ్బరిబోండాం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లిఫ్టులోకీ, ఆఫీసుల్లోకీ, హోటల్లో టిఫిన్ బల్ల దగ్గరికీ. తల కింద మాత్రం ఒక్కసారి పెట్టుకోలేదు.

నాకు ఒకటే కుతూహలం. ఆ చప్పుడులో దానికి ఏం వినిపిస్తోంది? ఒక మధ్యాహ్నం అది నిద్రపోతుంటే మెల్లగా దిండు తీసి నేనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాను.

"ఏమంటున్నాయి ఆవాలు?" అన్నాడు రఘు.

"ఏమీ అనట్లేదు."

"మా అమ్మ గొంతు వినిపించట్లేదు కదా?"

తిరిగొచ్చే విమానంలో, వెంట ఏం తెస్తున్నారో చెప్పమని ఒక కార్డు ఇచ్చారు. అందులో నా నిజాయితీ చూసి రఘు హడలిపోయాడు. గోంగూర పచ్చడి చెప్పాను. కారప్పొడి చెప్పాను. పిల్లకి వంట్లో బాగోకపోతే కాచి పోద్దామని తీసుకెళ్ళిన, సీలు కూడా విప్పని సగ్గుబియ్యం ప్యాకెట్టు చెప్పాను. గైడు ఇచ్చిన టీ ఆకు చెప్పాను. ఆర్య బూట్లకి అంటుకున్న మట్టి కూడా చెప్పాను.

"నీ గోళ్ళలో ఏమైనా ఉందేమో చూసుకో, అది కూడా చెబుదువు గాని" అన్నాడు రఘు.

దిండు సంగతి మాత్రం చెప్పలేదు. దాయాలని కాదండీ. నా బుర్రలో అది విత్తనాల జాబితాలో లేదు. పోపులడబ్బాలో ఉంటే ఆవాలు, తల కింద ఉంటే దిండు. వెయ్యేళ్ళుగా మనం అలాగే అనుకుంటున్నాం, ఆవాలు కూడా అలాగే అనుకుంటున్నాయి.

కుక్క మాత్రం అలా అనుకోలేదు. గోంగూరని దాటేసింది. కారప్పొడి దగ్గర ఒక్క తుమ్ము తుమ్మి ముందుకెళ్ళింది. జియా ముందు కూర్చుంది.

ఆఫీసరమ్మ నవ్వుతూ వచ్చింది. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి, కాస్త గౌరవంగా వినిపిస్తుందని తెలుగులో చెప్తున్నాను.

"పాప చేతిలో ఏముంది?"

"దిండండీ."

"దిండు లోపల?"

ముందు కుక్క, వెనక అత్తగారు. ఈలోపు ఆర్య చెయ్యెత్తి మరీ చెప్పాడు. "మస్టర్డ్ సీడ్స్! చెల్లి హెడ్ రౌండ్‌గా రావాలని నానమ్మ చెప్పింది. మా మమ్మీకి రౌండ్‌గా రాలేదు, అందుకని!"

ఆఫీసరమ్మ నా తలవంక చూసింది. మర్యాదస్తురాలు, ఏమీ అనలేదు. తర్వాత నా జాకెట్టు మీదున్న ప్యాక్‌హౌస్ పేరు చూసింది.

"కివీ తోటల్లో పనిచేస్తారా?"

"అవునండీ."

"ఏం పని?"

"క్వాలిటీ కంట్రోల్" అన్నాను, చిట్టెలుక కూడా సిగ్గుపడేంత చిన్న గొంతుతో.

"విత్తనాలు తేకూడదని కొత్తవాళ్ళకి క్లాసులు కూడా చెప్తుంది" అన్నాడు రఘు గర్వంగా. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు!

"ఇవి ఇక్కడివేనండీ! టౌరంగాలో కొన్న ఆవాలు! మాతోనే వెళ్ళాయి, మాతోనే తిరిగొచ్చాయి!"

"దేశం దాటాక అవి కొత్తగా వచ్చినట్టే, మేడమ్."

మా రెసిడెన్సీ కోసం మేం పడ్డ పాట్లన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఆవాలకి కూడా తిరుగు వీసా వేయించాలని ఎవరనుకుంటారు చెప్పండి?

ఆఫీసరమ్మ దిండు కోసం చెయ్యి చాచింది. జియా దాన్ని గుండెకి అదుముకుని, తలెత్తి నా కళ్ళల్లోకి చూసింది. ఇన్నాళ్ళలో అది నన్ను అలా చూడడం అదే మొదటిసారి. ఆ చూపుకి నాకు నవ్వులూ వేళాకోళాలూ అన్నీ పోయాయి. ఆ పిల్లకి ఇల్లు పోయింది, ఆయమ్మ పోయింది, ఊరు పోయింది. మిగిలింది ఆ దిండు. కొత్త దేశంలో కాలు పెడుతూనే దాన్ని కూడా లాక్కున్న మనిషిని నేనే అయితే, ఇక జన్మలో నన్ను నమ్ముతుందా?

ఆఫీసరమ్మకీ పిల్లలున్నారేమో, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. చైనా భాష వచ్చిన ఇంకో ఆఫీసరమ్మాయిని పిలిచింది. ఆ అమ్మాయి జియా ముందు మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా ఏదో అడిగింది.

జియా నోరు విప్పింది.

దేవుడా, ఆ గొంతు! కోకిలలా ఉంటుందేమోనని ఇన్నాళ్ళూ ఊహించుకున్నాను. చేపల బజార్లో పొద్దుటినుంచీ బేరాలాడిన మనిషిలా బొంగురుగా ఉంది. ఇంత కమ్మటి గొంతు నేను ఎక్కడా వినలేదు.

"ఏమంది? ఏమంది?"

"లోపల వానుందట" అంది ఆ అమ్మాయి.

నాకు తప్పూ గుర్తులేదు, జరిమానా గుర్తులేదు. "ఎలాంటి వాన? అడగండి!"

అడిగింది. "రేకుల మీద పడేదట. తను పడుకునే చోట."

"ఉరుములు కూడానా? వానంటే ఇష్టమేనా? కిటికీ ఉండేదా?"

"స్వాతీ, మనల్ని పట్టుకున్నది వాళ్ళు. ప్రశ్నలు వాళ్ళడగాలి" అన్నాడు రఘు.

చివరికి తీర్పేంటంటే, గుడ్డ మనకి, ఆవాలు చెత్తబుట్టకి. ఆ అమ్మాయి ఆ సంగతి జియాకి ఏ మాటల్లో చెప్పిందో గానీ, నేను కుట్టు విప్పుతుంటే కన్నార్పకుండా చూసింది. తర్వాత తనే గుప్పెడు తీసి స్టీలు బుట్టలో పోసింది. జలజలా మోగింది. ఆర్య ఇంకో గుప్పెడు, రఘు ఇంకో గుప్పెడు. ఆవపాపం తలా పిడికెడు!

దిండు చప్పబడిపోయింది. అప్పుడు మెరిసింది నా తెలివి. "మా సగ్గుబియ్యం పాసైంది కదండీ?"

"అయింది."

అక్కడే, ఆ బల్ల మీదే, సగ్గుబియ్యం నింపి హోటల్లో ఇచ్చిన సూదీదారంతో ఎడాపెడా నాలుగు కుట్లు వేశాను. జియా చెవి దగ్గర పెట్టుకుంది. ఊపింది. మేమందరం పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం. ఏదో అంది.

"ఇది వేరే ఊరి వానట" అంది ఆ అమ్మాయి. "పర్లేదట."

తర్వాత జియా దిండుని చంకలో పెట్టుకుని, నావైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తింది. ఎత్తుకోమని! ఎత్తుకుంటే ఈసారి కర్రలా లేదు, బియ్యం బస్తాలా నామీద వాలిపోయింది.

ఆఫీసరమ్మ గట్టిగా హెచ్చరించి వదిలేసింది. "మీ తర్వాతి క్లాసులో ఈ కథ తప్పకుండా చెప్పండి" అంది. అంతకంటే జరిమానా నయం.

కథ ఇక్కడితో ముగిస్తే నేను తెలివైనదాన్నని మీరు పొరబడతారు. మర్నాడు పొద్దున టౌరంగాలో మా ఇంట్లో ఏం జరిగిందో కూడా వినండి.

నిద్రలేచి చూస్తే మా పక్క మధ్యలో దిండు నిండుచూలాలిలా ఉబ్బి ఉంది. జియా పాల సీసాని దాని మీద పడుకోబెట్టి మూత సరిగ్గా పెట్టలేదు. పాలన్నీ తాగేసిన సగ్గుబియ్యం నా ఎడాపెడా కుట్లలోంచి బుడగలు బుడగలుగా బయటికొస్తోంది. జియా జుట్టంతా అదే. ఆర్య వేలు పెట్టి నాకి చూస్తున్నాడు.

"మమ్మీ, షుగర్ వెయ్యలేదా?"

సరిగ్గా అప్పుడే అత్తగారి వీడియో కాల్. రఘు ఫోన్ ఎత్తేశాడు.

"ఏదీ, నా మనవరాలి తల చూపించండి. కాస్తైనా గుండ్రంగా..." ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుంది. "అమ్మాయ్! ఆవాల దిండు వెయ్యమన్నాను గానీ పిల్ల నెత్తిన పాయసం పొయ్యమన్నానా?"

నేను జియా మొహంలోకే చూస్తున్నాను. వాన ఆగిపోయింది కదా, ఇక ఏడుస్తుందనుకున్నాను. దిండుని ఒకసారి ఊపింది. చప్పుడు లేదు. పక్కకి నెట్టేసింది. పాకుతూ వచ్చి, ఆ జిగట తలని నా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కదిలితే లేస్తుందేమోనని, కూర్చున్నచోటే కుడిచెయ్యి పైకెత్తాను. పిల్లలిద్దరికీ ఆ పొద్దున నేను చెప్పిన మాట ఇది:

"ఆర్యా, జియా, జాగ్రత్తగా వినండి. వండితే ఉడికేది, చల్లితే మొలిచేది ఏదీ ఇక ఈ ఇంట్లో ఎవరి తల కిందా పెట్టను. మీ తలలు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే ముద్దు పెట్టుకుంటాను. నానమ్మ సాక్షిగా ఇది మీ అమ్మ ప్రమాణం. ఇప్పుడెవరైనా వెళ్ళి ఒక తడిగుడ్డ తెచ్చిపెట్టండి."