ఎర్రలైటు వెలిగితే ఆగినట్టే

జీవరత్నం బాబాయి గుప్పిట్లో ఆ వస్తువును మొదటిసారి చూసినప్పుడు అగ్గిపెట్టె అనుకున్నాను. బీడీలు మానేసి పదేళ్లయిన మనిషికి మళ్లీ ఇదేం బుద్ధి అని తిట్టబోయాను కూడా. ఆయనే వేళ్లు విప్పి చూపించాడు. నల్లగా, నున్నగా ఉంది. ఒక పక్క శనగగింజంత గాజుకన్ను. పైన ఒకే ఒక్క బటన్, దాని పక్కన చిన్న లైటు.

"వీడియో కెమేరా అంట అబ్బాయ్. మా ప్రియ ఇచ్చి పోయింది. చూసుకోటానికి అద్దం గూడా లేదు దీనికి. ఏం తీసిందో దానికే తెలియాల" అన్నాడు.

నేను మా ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతాను. పేరు యల్లమంద. ఆధార్ కార్డులో తప్పు పడినా, మిక్సీ తిరగకపోయినా మా వీధివాళ్లు నా దగ్గరికే వస్తారు. తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో సగం తప్పు ఆ అలవాటుదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది పిడుగురాళ్ల దగ్గర, సున్నపురాయి క్వారీలను ఆనుకుని ఉన్న ఊరు. బాబాయి ఒక క్వారీలో ఇరవై ఆరేళ్లు జెండా మనిషిగా పనిచేశాడు. మధ్యాహ్నం రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది. ఆయన రోడ్డు మధ్యకు వచ్చి ఎర్రజెండా అడ్డం పెడతాడు. లారీలు, బస్సులు, ఆటోలు ఎక్కడివక్కడ ఆగాలి. పేలుడు అయిపోయి, దుమ్ము సర్దుకుని, లోపల్నుంచి కబురొచ్చాక ఆకుపచ్చ జెండా ఊపుతాడు. నోటితో పనే లేని ఉద్యోగం. ఒకసారి పెళ్లిబస్సును ఆపాడు. ముహూర్తం దాటిపోతోందని పెళ్లికొడుకు మేనమామ దిగివచ్చి చొక్కా పట్టుకుని నానా మాటలూ అన్నాడు. బాబాయి జెండా దించలేదు. ఆ తిట్లు ఇంకా పూర్తికాకముందే కుంచమంత రాయి ఎగిరొచ్చి బస్సుకు ముందు రోడ్డు మీద పడింది. మేనమామ నోరు మూసుకుని బస్సెక్కాడు. ఎర్రజెండా గురించి ఆ తర్వాత ఎవరూ ఆయనతో వాదించలేదు.

ఆ పేలుళ్లు ఆయన చెవులు తినేశాయి. ఎడమచెవి పూర్తిగా పోయింది. కుడిచెవిలో ఏదో కొంచెం మిగిలింది గానీ, మనం మామూలుగా మాట్లాడితే పెదవులు కదలడం కనిపిస్తుందే తప్ప మాట అందదు. ఎవరి మాటైనా అంతే, ఒక్క హన్నమ్మ పిన్ని మాట తప్ప.

హన్నమ్మ పిన్ని ఆయన భార్య. మా బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మూడు వందల మంది పిల్లల్ని వంటగదిలోంచి బయటికి రాకుండానే వరసలో నిలబెడుతుంది. ఆమె ఉన్న ఆదివారం చర్చిలో పాటకు మైకు పెట్టరు. లోకంలో ఎవరేమన్నా ముందు ఆమె వింటుంది, తర్వాత ఆయన కుడిచెవి వైపు తిరిగి చెబుతుంది. బాబాయికి ఊరు తెలిసినా, దేశం తెలిసినా ఆమె గొంతులోంచే తెలియాలి.

ఆ గొంతుకే ఆపద వచ్చింది. మెడ ముందు గడ్డ లేచింది. గుంటూరులో పరీక్షలన్నీ చేసి, ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. కాకపోతే ఆ గడ్డ మాట పలికించే నరాన్ని చుట్టుకుని ఉందట. నరం తీయకుండా గడ్డ రాదు. ఆపరేషన్ తర్వాత గుసగుసగా మాట్లాడటం తప్ప గట్టిగా పలకలేదు. ఆపరేషన్‌కు పన్నెండు రోజులు గడువిచ్చారు.

ఆ సాయంత్రం బాబాయి మా అరుగు మీద కూచుని అడిగాడు.

"గుసగుసంటే ఎంత అబ్బాయ్?"

నేను ఆయన కుడిచెవి దగ్గరికి జరిగి, "ఇంత బాబాయ్" అని గుసగుసగా అన్నాను. ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు.

"చెప్పు మరి" అన్నాడు.

ఆ ఇంట్లో జరగబోయేది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. 

కెమేరా ఉపాయం వాళ్ల కూతురు ప్రియది. ఆమె నరసరావుపేటలో జాకెట్లకు మగ్గం వర్కు చేస్తుంది. రెండు చేతులూ పనిలో ఉన్నా కుట్టేది వీడియో తీసుకోవచ్చని ఆ చిన్న కెమేరా కొనుక్కుంది. "ఫోను ఎదురుగా పెడితే అమ్మ బిగుసుకుపోయిద్ది. ఇదైతే జేబులో పడేసుకుని తిరగొచ్చు. రోజూ కాస్త కాస్త తియ్యి నాన్నా" అని తండ్రి చేతిలో పెట్టింది. నొక్కి పట్టుకుంటే లైటు వస్తుందని, తర్వాత ఒకసారి నొక్కితే తీయడం మొదలవుతుందని, మళ్లీ నొక్కితే ఆగుతుందని, మొదలైందో లేదో లైటు రంగును బట్టి తెలుస్తుందని వివరంగా చెప్పింది. బాబాయి ఎప్పటిలాగే భార్య వైపు తిరిగాడు. పిన్ని అంత పాఠాన్నీ ఒక్క ముక్కలో అందించింది.

"లైటు చూసుకోమంటంది!"

లైటు గురించి బాబాయికి ఇంకొకరు చెప్పాలా?

మర్నాటి నుంచి పని మొదలైంది. పొద్దున బడికి పోయే ముందు, సాయంత్రం వచ్చాక, పిన్ని చర్చికి కట్టే చీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూచునేది. బాబాయి బటన్ నొక్కి పట్టుకునేవాడు. ఆకుపచ్చ లైటు వచ్చేది. రెండు చేతులతో కెమేరాను కళ్లకెదురుగా పట్టుకుని తల ఊపేవాడు. పిన్ని పాడేది. ప్రార్థన చేసేది. నాలుగేళ్ల మనవరాలికి ఎప్పుడో జరగబోయే పెళ్లి కోసం దీవెన కూడా ఇప్పుడే చెప్పేసింది. అంతా అయ్యాక బాబాయి కెమేరాను గుప్పిట్లోకి దించి బటన్ నొక్కేవాడు. లైటు ఎర్రగా మారేది.

"ఆపావా?" అని అరిచేది పిన్ని.

"ఆపా."

కెమేరా చొక్కా జేబులోకి పోయేది. పిన్ని కుర్చీలోంచి లేచి తన పనిలో పడేది.

మూడో రోజు బాబాయి నా దగ్గరికి వచ్చాడు. మొహం నిండా అనుమానం.

"అబ్బాయ్, ఇదేందో నాకు అంతు చిక్కట్లా. తీసేటప్పుడు చల్లగా ఉంటది. ఆపి జేబులో వేసుకుంటే కాలిద్ది. ఇదేం మిషను?"

నాకూ వింతగానే తోచింది. కానీ చెప్పాను గదా, నా అలవాటు. "లారీ ఇంజను ఆపినాక వేడిగా ఉండదా బాబాయ్? ఇదీ అంతే" అని ఆయన చెవిలో అరిచాను.

"మరి ఎర్రది వచ్చిందంటే ఆగినట్టే గదా?"

"ఇంకేంది? ఎర్రలైటు సంగతి నీకు నేను చెప్పాల్నా?"

ఆ మాటకు ఆయన మొహం వికసించింది. నిజానికి నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. మా ఊరి రోడ్డు మీద పుట్టి పెరిగినవాడికి ఎర్రరంగు చూస్తే కాలు దానంతటదే ఆగిపోతుంది.

అయినా ఆయన తికమక పూర్తిగా తీరలేదు. తీసేది పది నిమిషాలైతే చార్జింగు గంటకోసారి ఎందుకు అయిపోతుందని అడిగాడు. పాత బ్యాటరీ అన్నాను. కొన్నది మొన్ననే గదా అన్నాడు. ఈ రోజుల్లో కొత్తవి కూడా పాతవే అన్నాను. ఏం తీసిందో ఒకసారి నా ఫోనులో చూద్దామని ప్రయత్నించాను గానీ, ఆ కెమేరా తాలూకు యాప్ నా ఫోనుకు సరిపడదని మొరాయించింది. పెళ్లిళ్ల కాలం కావడంతో ప్రియకు పేట నుంచి కదలడానికి వీల్లేదు.

పన్నెండో రోజు పిన్ని చివరి పాట పాడి, "ఇంక చాలయ్యా. నా గొంతంతా ఆ డబ్బాలో పోశా" అంది. బాబాయి దాన్ని తుడిచి, బట్టలో చుట్టి, బైబిలు పక్కన పెట్టాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. పది రోజులకు పిన్ని ఇంటికి వచ్చింది. డాక్టరు అన్నట్టే మాటకు బదులు గాలి వస్తోంది. మాకు దగ్గరగా వంగితే వినిపిస్తుంది. బాబాయికి అదీ లేదు. ఆమె ఏదో అంటుంది, ఆయన నీళ్లు తెచ్చిస్తాడు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది, ఆయన దుప్పటి తెచ్చిస్తాడు. ఇద్దరూ పరాయి ఊళ్లో దారి తప్పినవాళ్లలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఆదివారం ప్రియ వచ్చింది. నన్నూ పిలిచారు. బాబాయి బట్ట విప్పి కెమేరా తీసి ఇచ్చి, మంచం మీద ముందుకు వంగి కూచున్నాడు. ప్రియ ఫోనుకు కలిపింది. ఇరవై మూడు వీడియోలు ఉన్నాయంది. మొదటిది తెరిచింది. నల్లగా ఉంది. రెండోది తెరిచింది. ఖాకీ బట్ట, దాని దారప్పోగులు, ఒక గుండీ అంచు. మూడోదీ అంతే.

"నాన్నా, జేబును తీశావేంది?"

పిన్ని కళ్లు పెద్దవయ్యాయి. ప్రియ తండ్రి చెవి దగ్గరికి వంగి, "అమ్మ పాడేటప్పుడు ఏ లైటుంది?" అని అరిచింది.

"ఆకుపచ్చది. పాడటం అయినాక ఎర్రది."

"అయ్యో నాన్నా! ఎర్రదైతేనే తీసేది. ఆకుపచ్చదంటే ఊరికే ఉన్నట్టు!"

బాబాయికి మాట వినబడింది గానీ బుర్రకెక్కలేదు. "ఎర్రదైతే ఆగిద్ది గదా?" అన్నాడు.  "ఎర్రది పెట్టి పొమ్మంటారా ఎవరన్నా?" అన్నాడు మళ్లీ. తర్వాత నా వైపు తిరిగాడు. "అబ్బాయ్, నువ్వు గూడా అదే చెప్పావు గదా?"

నేను నేల చూపులు చూశాను. నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"అయితే పాట లేదా? పాప దీవెన?" అని ఒక్కొక్కటే అడిగాడు. ప్రియ తల అడ్డంగా ఊపింది. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా జెండా తప్పుగా చూపని మనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. పిన్ని ఆయన వీపు నిమురుతూ ఏదో అంటోంది. ఆయనకది వినబడదు గదా.

ఏం చేయాలో తోచక నేను ఫోను తీసుకున్నాను. నాలుగో వీడియో తెరిచాను. సౌండు పూర్తిగా పెంచి చూశాను. జేబు గరగరల మధ్య నుంచి, ఇల్లు అదిరేలా హన్నమ్మ పిన్ని.

"ఆపావా?"

"ఆపా."

"హమ్మయ్య, నడుం పడిపోయింది. ఏవయ్యో, ఆ చొక్కా ఇప్పెయ్, చెమట కంపు. పొయ్యి మీద పాలున్నయ్, చూడు. చూడమంటే నన్ను చూస్తావేంది, పాలు చూడు!"

బాబాయి తలెత్తాడు. నేను గబగబా ఫోను ఆయన కుడిచెవికి ఆనించాను. ఒకటి అయ్యాక ఇంకొకటి పెట్టాను. ప్రతిదీ "ఆపావా?"తోనే మొదలు. తర్వాత బెండకాయలు తరుగుతూ తీసే కూనిరాగం, కోడిని అదిలించడం, ఉప్పు ఎక్కడ పెట్టావని తగవు, వీధిలో ఎవరెవరు ఏమేమనుకుంటున్నారో ఆయనకు విడమరిచి చెప్పడం. ఒకదాంట్లో పక్కింటి చిన్నారితో గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"గొంతు పోయిద్దని నాకేం బాధ లేదే చిన్నారీ. ఈ మనిషి గురించే. నేను అరవకపోతే ఈయనకి ఇల్లు ఇల్లులాగే ఉండదు. అరుస్తానని అందరూ నన్ను గయ్యాళంటారు. ఈయనకి వినపడాలనేగా అరిచింది, ఇన్నేళ్లూ."

బాబాయి ఫోను చెవికి దూరం చేసి భార్య వైపు చూశాడు.

"ఇది ఎప్పుడన్నావ్? నేనాడనే ఉన్నా గదా? కెమేరా నా జేబులోనే గదా ఉంది?"

పిన్ని చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నేను చెప్పలేను, రెండిటికీ ఇప్పుడు చప్పుడు లేదు.

మొత్తం ఇరవై మూడూ కాస్త కాస్త విన్నాం. మధ్యాహ్నం దాటింది. అప్పుడు బాబాయి కెమేరా చేతిలోకి తీసుకుని నొక్కి పట్టుకున్నాడు. ఆకుపచ్చ లైటు వచ్చింది. దాన్ని చాలాసేపు అనుమానంగా చూసి, ఇంకోసారి నొక్కాడు. ఎర్రది వచ్చింది. నా వైపు ఒక చూపు చూశాడు గానీ ఈసారి నన్ను ఏమీ అడగలేదు. కెమేరా ఎత్తి పిన్నికి ఎదురుగా పట్టుకున్నాడు.

పిన్ని పెదవులు కదిలాయి. పక్కనే కూచున్న నాకు కూడా గాలి తప్ప ఏమీ వినిపించలేదు. ఆయనకు మాత్రం వినాల్సిన అవసరం లేకపోయింది. పొద్దుట్నుంచీ ఇరవైసార్లు విన్న మాట అది.

"ఆపలా" అన్నాడు బాబాయి.